మాట వెనక కొలబద్ద

ఒంగోలు చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నేను బడి మానినా పిల్లలు నన్ను మానలేదు. గ్రూప్-2కు చదివేవాళ్లు, వార్డు సచివాలయాల్లో ప్లానింగ్ కార్యదర్శి ఉద్యోగాలకు పోటీ పడేవాళ్లు సాయంత్రాలు వచ్చి కూర్చుంటారు. చేతిలో ఇంగ్లీషు పుస్తకం, అందులో పెన్సిలు గీత కింద ఒక మాట. అర్బన్ అగ్లోమరేషన్, ఔట్‌గ్రోత్, కోనర్బేషన్, పెరి అర్బన్. "దీనర్థం ఏంటండీ మాస్టారూ?" అంటారు. ఒకప్పుడు అడిగిందే తడవు చెప్పేసేవాణ్ని. ఇప్పుడు ఆ అర్థాన్ని ఎలా వెతుక్కోవాలో చెబుతున్నాను. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే తెలిస్తే మంచిదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

1. తెలిసినట్టుండే మాట దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

కోనర్బేషన్ అని కనబడితే ఎవరైనా ఆగుతారు. సెటిల్‌మెంట్ అని కనబడితే ఎవరూ ఆగరు. మన వైపు ఆ మాటకు ఎన్ని బతుకులున్నాయో చూడండి. రెవెన్యూ వాళ్ల సెటిల్‌మెంట్ అంటే భూమి కొలిచి శిస్తు నిర్ణయించడం. చీరాల, బాపట్ల మధ్య రైల్లో పోతుంటే తగిలే స్టువర్టుపురాన్నీ పాతవాళ్లు సెటిల్‌మెంట్ అనేవారు. బ్రిటిష్ ప్రభుత్వం ఒక కులం మొత్తానికి నేరస్థులని ముద్రవేసి, సాల్వేషన్ ఆర్మీ కాపలాలో కూర్చోబెట్టిన ఊరు అది. ఇక బజారు భాషలో సెటిల్‌మెంట్ అంటే నలుగురు మనుషుల్ని వెంటేసుకుని తగాదా తీర్చడం. భూగోళంలో మాత్రం మనుషులు నివాసముండే చోటు ఏదైనా సెటిల్‌మెంటే, నాలుగు గుడిసెల పాలెం నుంచి ముంబై దాకా. ఒకసారి పరీక్షలో అర్బన్ సెటిల్‌మెంట్ల గురించి రాయమంటే, పట్నాల్లో పెద్దమనుషులు తగవులు తీర్చే పద్ధతిని ఒక పిల్లాడు ఒకటిన్నర పేజీ రాశాడు. ఆ కాగితాన్ని తరగతిలో చదివి వినిపించాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంట్లో విన్న అర్థాన్నే వాడు రాశాడు. ఆ తరవాత ఆ ఏడాదంతా వాడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మాట మోసం చేస్తే పిల్లాణ్ని శిక్షించానని తెలుసుకునేసరికి వాడు బడి దాటి వెళ్లిపోయాడు.

2. నిఘంటువు సగం దారే చూపిస్తుంది.

అగ్లోమరేషన్‌కు నిఘంటువు తీస్తే పోగు, ముద్ద, కుప్ప అని ఉంటుంది. దాన్ని పట్టుకుని అర్బన్ అగ్లోమరేషన్ అంటే పట్టణాల పోగు అని చాలా ఏళ్లు చెప్పాను. పిల్లలు అలాగే రాశారు, నేను మార్కులు వేశాను. జనగణన శాఖ 1971లో ఈ మాటను తెచ్చినప్పుడు దానికి తన అర్థం తాను రాసిపెట్టుకుంది. ఒక పట్టణమూ దాన్ని ఆనుకుని పెరిగిన ఔట్‌గ్రోత్‌లూ కలిస్తే చాలు, అదొక అగ్లోమరేషన్. లేదా ఒకదాన్నొకటి ఆనుకున్న రెండు మూడు పట్టణాలైనా కావచ్చు. వాటిలో కనీసం ఒకటి చట్టప్రకారం మున్సిపాలిటీ వంటిది అయ్యుండాలి. 2001 లెక్కల ప్రకారం మొత్తం జనాభా 20 వేలకు తగ్గకూడదు. అంటే రెండో పట్టణం లేకుండానే అగ్లోమరేషన్ ఉండొచ్చు. నా పట్టణాల పోగు అక్కడే కూలిపోయింది. ఔట్‌గ్రోత్ కూడా ఇష్టమొచ్చినట్టు పెరిగిన శివారు కాదు. పట్టణ హద్దు బయట, పక్క గ్రామ రెవెన్యూ పరిధిలో లేచిన రైల్వే కాలనీ, విశ్వవిద్యాలయ ప్రాంగణం, రేవు, సైనిక శిబిరం లాంటివి. పక్కా రోడ్డు, కరెంటు, కుళాయి, బడి, బ్యాంకు లాంటి వసతులుండి, ఊరితో ఎడం లేకుండా కలిసిపోయి ఉండాలి.

మాటను విడగొట్టి చూడటం మంచి అలవాటే. పాట్రిక్ గెడిస్ అనే స్కాట్లండు ఆయన 1915లో అచ్చయిన తన పుస్తకంలో కోనర్బేషన్ అనే మాట పుట్టించాడు. కలిసి అనే అర్థమున్న ముక్కనూ నగరం అనే అర్థమున్న లాటిన్ ముక్కనూ జోడించాడు. ఎవరి పేరు వారికుండగానే పెరిగి పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయిన ఊళ్ల వరస అని భావం. మన దగ్గర దానికి దగ్గరి ఉదాహరణ 1978లో పెట్టిన వీజీటీఎం ఉడా. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి. ఆ నాలుగూ అప్పటికి కలిసిపోలేదు, మధ్యలో పొలాలున్నాయి. కలుస్తాయన్న అంచనాతో నాలుగు పేర్లనూ ఒకే సంస్థ కింద పెట్టారు. 2014లో ఆ సంస్థ రాజధాని ప్రాంత ప్రాధికార సంస్థలో కలిసిపోయింది. విడగొడితే మాట పుట్టుక తెలుస్తుంది. దాన్ని ఇవాళ ఎవరు ఏ కొలతకు వాడుతున్నారో తెలియాలంటే వాళ్ల పుస్తకమే తీయాలి.

3. ఇలాంటి ప్రతి మాట వెనకా ఒక కొలబద్ద ఉంటుంది.

సెన్సస్ టౌన్ అన్నది మంచి ఉదాహరణ. పేరు వింటే ఏదో పట్టణం అనుకుంటాం. దానికి మున్సిపాలిటీ ఉండదు, చైర్మన్ ఉండడు. సర్పంచే ఉంటాడు. అయినా జనగణన దాన్ని పట్టణంగానే లెక్కిస్తుంది. కొలతలు మూడు: జనాభా 5,000కు తగ్గకూడదు. ప్రధాన పనివాళ్లుగా లెక్కించిన మగవాళ్లలో కనీసం 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. చదరపు కిలోమీటరుకు 400 మందికి తగ్గకుండా ఉండాలి. దేశంలో ఇలాంటివి 2001లో 1,362 ఉంటే 2011 నాటికి 3,894 అయ్యాయి. అదే పదేళ్లలో చట్టప్రకారం పట్టణాలైనవి 3,799 నుంచి 4,041కే పెరిగాయి. దేశం పట్నమైపోతోందని ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. పట్టణాల సంఖ్యలో ఆ పెరుగుదల చాలావరకు పేరు పల్లెగానే ఉండి కొలబద్ద దాటిన ఊళ్లది. అంకె చదివిన ప్రతిసారీ ఏ బద్దతో కొలిచారని అడగండి. బద్ద తెలియకపోతే అంకె ఉండీ లాభం లేదు.

4. బద్ద పట్టుకున్న చేతిని కూడా చూడాలి.

ఆ చేయి నాది కూడా. మా తరం పంతుళ్లం జనగణన డ్యూటీలు చేసినవాళ్లమే. చీమకుర్తి గ్రానైటు క్వారీలకు మగవాళ్లు పనికి పోయే ఒక ఊళ్లో, అరుగు మీద కూర్చుని ఫారం నింపుతున్నాను. ఇంటాయన మంచం మీద ఉన్నాడు. కాళ్ల వేళ్ల సందుల్లో ఇంకా రాతిపొడి ఉంది. "ఏం పని చేస్తారు?" అన్నాను. "వ్యవసాయం" అన్నాడు. రాసుకున్నాను. లోపల్నుంచి ఇల్లాలు, "పొలం కౌలుకిచ్చి రెండేళ్లయింది గదా, క్వారీకి పోతన్నావని చెప్పు" అంది. ఆయన మాట్లాడలేదు. రైతును అని చెప్పుకోవడంలో ఉన్న గౌరవం కూలి అని చెప్పుకోవడంలో లేదు. ఆ ఒక్క మాట మీద ఆయన వ్యవసాయ గడిలోంచి వ్యవసాయేతర గడిలోకి మారాడు. ఊరు పల్లెగా మిగలాలా, సెన్సస్ టౌన్ కావాలా అన్నది ఇలాంటి అరుగుల మీదే తేలుతుంది. లోపల్నుంచి ఆ గొంతు పలకని ఇళ్లలో నేను ఎన్ని గడులు తప్పు నింపానో ఇప్పుడెవరు చెప్పగలరు?

ఇంకోటి కూడా ఆలోచించండి. ఆ ఇల్లాలు మిర్చి కోతల కాలంలో తెల్లారకముందే ఆటో ఎక్కి పొలాలకు పోయే మనిషి. పట్టణమా కాదా అని తేల్చే ఆ 75 శాతం లెక్కలోకి ఆమె రాదు. అక్కడ లెక్కించేది మగవాళ్లనే. అందుకే మగవాళ్లు రాళ్ల పనికి, ఆడవాళ్లు కాయల కోతకు పోయే ఊరు కాగితం మీద పట్టణమైపోగలదు. నిర్వచనాన్ని బట్టీ పట్టిన కుర్రాడికి ఇది కనిపించదు. ఎవరిని లెక్కించలేదని అడిగినవాడికి కనిపిస్తుంది.

5. ఒకే మాట ఒక్కో కార్యాలయంలో ఒక్కో పని చేస్తుంది.

అర్బన్ అగ్లోమరేషన్‌ను జనగణన జనాభా లెక్కకు వాడింది. 1976 పట్టణ భూపరిమితి చట్టం అదే మాటతో ఖాళీ స్థలానికి పరిమితి పెట్టింది. నగరం స్థాయిని బట్టి 500 చదరపు మీటర్ల నుంచి 2,000 దాకా. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, గుంటూరు, వరంగల్ ఆ చట్టం పట్టికలో ఉండేవి, ఒంగోలు ఉండేది కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఇంటద్దె భత్యానికీ ఇదే మాట కావాలి. అగ్లోమరేషన్ జనాభా 50 లక్షలు దాటితే ఎక్స్ తరగతి, 5 లక్షలు దాటితే వై, అంతకు తక్కువైతే జెడ్. ఒకే హోదా, ఒకే జీతమున్న ఇద్దరిలో గుంటూరులో ఉన్నవాడికి వై లెక్కన, ఒంగోలులో ఉన్నవాడికి జెడ్ లెక్కన భత్యం వస్తుంది.

ఈ పాఠం నాకంటే మా బావమరిదికి ఖరీదైంది. విజయవాడ శివార్లలో ప్లాటు చూశానని, కొనమంటావా బావా అని అడిగాడు. ఆ ఊరు జనగణన పుస్తకంలో విజయవాడ అగ్లోమరేషన్ కింద ఉండటం చూసి, "ఇంకేం, విజయవాడే" అన్నాను. మాస్టారి మాట కదా అని కొన్నాడు. ఇల్లు కట్టబోతే తెలిసింది, జనగణనకు అది విజయవాడే గానీ కుళాయికి, మురుగుకాలవకు, ప్లాను మంజూరుకు అది పంచాయతీయే అని. లేఅవుట్‌కు అనుమతి లేదని బ్యాంకు అప్పివ్వలేదు. ఏళ్ల తరబడి ట్యాంకరు నీళ్లు కొన్నాడు. నన్ను ఎప్పుడూ ఒక మాట అనలేదు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా చెల్లెమ్మ చెంబుతో నీళ్లందిస్తుంటే నాకే గొంతు దిగేది కాదు. అందుకే చెబుతున్నాను. మాటకు అర్థం వెతికేటప్పుడు అది ఏ కాగితంలో ఉందో ముందు చూడండి.

6. హద్దు గీత జరిగితే ఎవరి జేబులో ఏం మారుతుందో అడగాలి.

ఒంగోలు మున్సిపాలిటీ 1876 నాటిది. 2012లో నగరపాలక సంస్థ అయింది. పేర్నమిట్ట, కొప్పోలు, ముక్తినూతలపాడు, త్రోవగుంట లాంటి చుట్టుపక్కల ఊళ్లు నగరంలో కలిశాయి. తరవాత 2019లో ఒంగోలు నగరాభివృద్ధి సంస్థ, జనం నోట్లో ఒడా, వచ్చింది. నగరపాలక సంస్థ హద్దు వేరు, ఒడా హద్దు వేరు, జనగణన హద్దు వేరు. విలీనం గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లో మా వీధికి పాలు పోసే ఆమెకు పెరి అర్బన్, మెర్జర్ అంటూ నా చదువంతా చూపించబోయాను. ఆమె, "అయ్యా, ఇంటిపన్ను పెరుగుద్దా? ఉపాధి పని పోద్దా?" అని అడిగింది. రెండూ అసలైన ప్రశ్నలే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పల్లెలకే వర్తించింది. ఊరు నగరంలో కలిస్తే ఆ పని ఆగిపోయేది. సెన్సస్ టౌన్ అయితే పంచాయతీగానే ఉంటుంది కాబట్టి ఆగేది కాదు. రెండింటినీ పట్టణం అనే ఒక్క మాటలో కలిపేస్తే, ఒకామె కూలి పోవడానికీ మిగలడానికీ మధ్య తేడాను తుడిచేసినట్టే. ఆ సంగతి పుస్తకంలో నేను చదవలేక కాదు, అడగాలని తోచక తెలుసుకోలేదు.

7. మాట పక్కన మన ఊరి పేరు రాసుకోవాలి.

వాల్టర్ క్రిస్టాలర్ 1933లో దక్షిణ జర్మనీ ఊళ్లను చూసి సెంట్రల్ ప్లేస్ సిద్ధాంతం చెప్పాడు. ఆయన గీసిన షట్కోణాలను నేను బోర్డు మీద అందంగా గీసేవాణ్ని. పిల్లలు అంతకంటే అందంగా గీసేవాళ్లు. ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒక ఏడు షట్కోణాలు చెరిపేసి, మీ ఇంట్లో ఏ వస్తువుకు ఎంత దూరం పోతారని అడిగాను. ఉప్పుకు వీధి చివరి కొట్టు. పురుగుమందుకు మండల కేంద్రం. పెళ్లి బట్టలకు చీరాల. కోర్టు వాయిదాకు, పెద్దాసుపత్రికి ఒంగోలు. గుండె ఆపరేషన్‌కు గుంటూరు. ఒక వస్తువు కోసం మహా అయితే ఎంత దూరం పోతామో అది రేంజ్. ఒక కొట్టు నిలబడాలంటే కనీసం ఎంతమంది కొనేవాళ్లుండాలో అది థ్రెషోల్డ్. ఉప్పుకు వీధి చాలు, గుండె డాక్టరుకు జిల్లాలు కావాలి. గంటలో పాఠం అయిపోయింది.

ప్రైమేట్ సిటీ కూడా అంతే. మార్క్ జెఫర్సన్ 1939లో చెప్పిన మాట. దేశంలోనో రాష్ట్రంలోనో మొదటి నగరం రెండోదానికి రెండింతలకు మించి పెరిగి అన్నింటినీ తనవైపు లాక్కుంటే దాన్ని అలా అంటారు. జీవశాస్త్రం చదివిన పిల్లలకు కోతులు గుర్తొస్తాయి, తప్పులేదు. పక్కన హైదరాబాద్, వరంగల్ అని రాసుకుంటే కోతులు పోతాయి. 2011 లెక్కల్లో వరంగల్ జనాభా హైదరాబాద్‌లో దాదాపు పదో వంతు. అదే మన ఆంధ్రలో విశాఖ, విజయవాడ మధ్య అంత ఎడం లేదు. ఒకే మాట పక్క రాష్ట్రానికి అతికి మనకు ఎందుకు అతకదో చెప్పగలిగితే ఆ మాట మీకు వచ్చినట్టే.

8. పుస్తకం మూసి ఒకసారి నడిచి రావాలి.

గెడిస్ 1914లో మన దేశానికి వచ్చి, మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లను తిరిగి చూసి నివేదికలు రాశాడు. మ్యాపు చూసి గీత గీసేవాళ్లతో ఆయనకు పడేది కాదు. మీరూ ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు పట్టుకుని పడమరకు కొంతదూరం నడవండి. రోడ్డుకు అటూ ఇటూ ఒక వరసలో కల్యాణ మండపం, గ్రానైటు పాలిష్ యూనిట్టు, కాలేజీ, టైర్ల షాపు, దాబా. ఆ వరస వెనక్కి పది అడుగులు వేస్తే నల్లరేగడిలో శనగ చేను. బ్రిటన్‌లో ఇలా రోడ్లవెంట అల్లుకుపోతున్న కట్టడాలకు అడ్డుకట్ట వేయడానికి 1935లో ఏకంగా చట్టమే చేశారు. ఇలా రోడ్డువెంట కట్టుకుంటూ పోవడాన్నే రిబ్బన్ డెవలప్‌మెంట్ అంటారు. ఇంకొంచెం ముందుకు పోతే పొగాకు బ్యారన్ గోడౌనయింది. దాని పక్కన చేను మధ్యలో రంగుల ఆర్చి, లోపల సున్నం కొట్టి నంబర్లు వేసిన రాళ్లు. రాళ్ల మధ్య సర్కారు తుమ్మ మొలిచింది. తుమ్మ కింద గేదెలు. ప్లాటు యజమాని బహుశా హైదరాబాద్‌లో ఉంటాడు, గేదెల యజమాని ఈ ఊళ్లోనే ఉంటాడు. పల్లె, పట్నం కలిసే అంచును చెప్పే పెరి అర్బన్ అన్న మాట నాకు నిజంగా అర్థమైంది ఆ రాళ్ల మధ్య నిలబడ్డాకే.

టెరీ మెగీ అనే భూగోళవేత్త ఆగ్నేయాసియాలో ఇలాంటి పల్లె పట్నం కలగలుపును చూసి, ఇండొనేషియా మాటలతోనే దేశకోట అని పేరు పెట్టాడు. మన చెవికి దేశం, కోట వినిపిస్తాయి. అక్కడ మొదటిది పల్లె, రెండోది పట్నం. లండన్ నుంచో షికాగో నుంచో తెచ్చిన మాటలు అక్కడి నేలకు చాలవని ఆయన ఆ నేల మాటనే తీసుకున్నాడు. కృష్ణా డెల్టా మీదుగా తెనాలి వైపు బస్సులో పోయినవాళ్లకు ఆ అవసరం ఎందుకొచ్చిందో విడమరచి చెప్పక్కర్లేదు.

9. అర్థం తెలిసినవాడికి బాధ్యత కూడా ఉంటుంది.

కొత్త మాట తగిలినప్పుడల్లా నోట్సులో దాని కింద నాలుగు వరసలు రాయండి. ఎవరు, ఎప్పుడు పుట్టించారు? ఏ కొలతతో కొలుస్తారు? ఏ కాగితంలో వాడుతున్నారు, దానివల్ల ఎవరికి ఏం మారుతుంది? మన దగ్గర అది ఎక్కడ కనిపిస్తుంది? నాలుగూ నిండితే మార్కులు వాటంతటవే వస్తాయి. ఒకటి ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలేయండి. తెలిసినట్టు నింపకండి. నేను అలా నింపినవే ఇన్నేళ్లూ నన్ను సతాయించాయి.

మరొక్క మాట. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1ని లెక్కల తేదీగా పెట్టుకుంది. మీలో కొత్తగా పంతుళ్లయినవాళ్లకు ఆ డ్యూటీ పడవచ్చు. ఈసారి కాగితం ఫారాల బదులు ఫోన్లు ఉంటాయి. అరుగు అదే, ప్రశ్న కూడా అదే. "ఏం పని చేస్తారు?" అని అడిగాక వెంటనే మీట నొక్కేయకండి. మంచం మీద ఉన్నాయన చెప్పాక, లోపలున్న అమ్మను కూడా అడిగి, ఆ తరవాత నింపండి.